రౌజ్ హిల్ పాత ఫార్మ్ హౌస్ చూడదగ్గదేనా? ఇల్లు, గుర్రపుశాల, షెడ్లు, వాటి మరమ్మతుల గొడవ

శ్రీను_స్కోఫీల్డ్స్ | శుక్రవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. సిడ్నీ వాళ్ళకి ఎక్కువ తెలుస్తుందనుకుంటా, కానీ ఎవరైనా చెప్పొచ్చు. స్కోఫీల్డ్స్‌కి మారినప్పటి నుంచి విండ్సర్ రోడ్డు వైపు వెళ్ళినప్పుడల్లా గుట్ట మీద చెట్ల మధ్య ఉన్న పాత రాతి ఇంటి గురించి వింటూనే ఉన్నాను. రౌజ్ హిల్ ఎస్టేట్ అంటారట, ఇప్పుడు మ్యూజియం. వచ్చే నెల అమ్మానాన్న తణుకు నుంచి వస్తున్నారు. నాన్న వ్యవసాయం మనిషి. ఓపెరా హౌస్ చూపిస్తే "బాగుంది, ఇంకేంటి" అనే రకం. పాత ఫార్మ్ కదా, ఈయనకి పడుతుందేమోనని ఆశ. ఆఫీసులో ఒకాయన మాత్రం "గోడల కాగితం ఊడిపోయి, రేకులు తుప్పు పట్టి ఉంటాయి, మెయింటెనెన్సే లేదు, టైమ్ దండగ" అని తీసిపారేశాడు. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

లక్ష్మి_కెల్లీవిల్ | శుక్రవారం రాత్రి 9:40

మేం స్కూల్ పిల్లలతో వెళ్ళాం. ఇంటి లోపలికి గైడ్‌తోనే పంపిస్తారు, ఏదీ ముట్టుకోకూడదు. చిన్న పిల్లలుంటే కాస్త టెన్షనే. కానీ బయట గుర్రపుశాల, తోట, షెడ్లు చూస్తూ ఎంతసేపైనా తిరగొచ్చు. మీ ఆఫీసాయన చెప్పింది అబద్ధం కాదు, కాగితం నిజంగానే ఊడి ఉంది. కావాలనే అలా వదిలేశారని గైడ్ చెప్పింది. ఎందుకో నాకూ పూర్తిగా ఎక్కలేదు.

గోదారి_కుర్రోడు | శుక్రవారం రాత్రి 9:58

మా ఇంటి ఓనర్ కూడా బాత్రూం గోడ "కావాలనే" అలా వదిలేశాడు. మ్యూజియం అని బోర్డు పెట్టమంటాను 😂

డంగు_సున్నం | శుక్రవారం రాత్రి 11:25

నేను పాత కట్టడాల మరమ్మతు పనిలో ఉన్నాను (హైదరాబాద్‌లో మొదలుపెట్టి ఇప్పుడు సిడ్నీలో), కాబట్టి కాస్త పెద్దగానే రాస్తాను, క్షమించాలి.

ముందు కథ. ఈ ఇల్లు కట్టించిన రిచర్డ్ రౌజ్, అప్పట్లో బ్రిటన్ నుంచి ఇక్కడికి పంపేసిన ఖైదీల్లో ఒకడు కాదు, 1801లో కుటుంబంతో వచ్చి స్థిరపడిన మనిషి. పారమట్టాలో ప్రభుత్వ కట్టుబడి పనులకి సూపరింటెండెంట్. రాయి, కలప, సున్నం, కూలి, అన్నిటి లెక్కా తెలిసినవాడు. 1813లో ఈ ఇల్లు మొదలుపెడితే పూర్తయ్యేసరికి 1818 అయింది. కట్టింది ఖైదీలు. రెండంతస్తుల ఇసుకరాతి ఇల్లు, ముందు వరండా తర్వాతి తరంలో వచ్చింది. అప్పటి నుంచి ఒకే కుటుంబం ఆరు తరాలు అక్కడే ఉంది. 1978లో రాష్ట్ర ప్రభుత్వం తీసుకుంది, జనానికి తెరిచింది 1999లో. ఈ మధ్యలో ఇరవై ఏళ్ళు ఏం చేశారంటే, ప్రధానంగా "ఏం చేయకూడదు" అని తేల్చుకున్నారు. నవ్వకండి, మా పనిలో అన్నిటికన్నా కష్టమైనది అదే.

ఆ కుటుంబం మొదట్లో బాగా బతికింది. చివరి తరాల చేతిలో డబ్బు ఆడలేదు. డబ్బు ఉన్నవాడు పాతది పీకేసి కొత్తది వేసుకుంటాడు. లేనివాడు ఉన్నదానికే అతుకు వేసుకుంటాడు. అందుకే అక్కడ 19వ శతాబ్దపు కుర్చీ పక్కనే 20వ శతాబ్దపు సామాను ఉంటుంది, ఏదీ పారేయలేదు. మ్యూజియం వాళ్ళకి రెండు దార్లు కనిపించాయి. ఒకటి, 1820 నాటికి ఎలా ఉండేదో అలా తయారుచేసి మిగతా నూట యాభై ఏళ్ళూ చెరిపేయడం. రెండోది, తమ చేతికి వచ్చిన రోజున ఎలా ఉందో అలాగే నిలబెట్టడం. రెండోదే ఎంచుకున్నారు. మెయింటెనెన్స్ లేదనడం తప్పు. కప్పు కారకుండా, చెదలు పట్టకుండా, ఊడిన కాగితం ఇంకా ఊడకుండా ఆపుతూ ఉంటారు. రంగు మాత్రం కొత్తగా వెయ్యరు.

ఇక మీ నాన్నగారి విషయం. ఆయన్ని ముందు ఇంట్లోకి తీసుకెళ్ళకండి. వెనక్కి తీసుకెళ్ళండి. గుర్రపుశాల, గొర్రెల ఉన్ని కత్తిరించే షెడ్డు, కబేళా, ఇవన్నీ ఇంటికి చుట్టూ ఉన్నాయి. గుర్రపుశాల 1876 నాటిది, ఇటుక కట్టుబడి. గీసింది జాన్ హార్బరీ హంట్, ఆర్మిడేల్ కేథడ్రల్ గీసిన ఆర్కిటెక్టే. చర్చి గీసే మనిషిని పిలిచి గుర్రాలకి ఇల్లు గీయించుకున్నారంటే అప్పటి యజమానికి గుర్రాలంటే ఎంత పిచ్చో చూడండి. ఇల్లు చూస్తే వాళ్ళు ఎలా కనబడాలనుకున్నారో తెలుస్తుంది. షెడ్లు చూస్తే ఎలా బతికారో తెలుస్తుంది.

శ్రీను_స్కోఫీల్డ్స్ | శనివారం ఉదయం 7:30

డంగు_సున్నం గారూ, ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థ్యాంక్స్. కబేళా అంటే అమ్మ లోపలికి రాదు, అది గ్యారంటీ.

రైతుబిడ్డ_డబ్బో | శనివారం ఉదయం 10:05

> తమ చేతికి వచ్చిన రోజున ఎలా ఉందో అలాగే నిలబెట్టడం

ఇక్కడే నాకు పేచీ, అన్నా. నేను డబ్బో అనే ఊరి వైపు పొలాల్లో పని చేస్తా. గోధుమ, గొర్రెలు. పాత వూల్‌షెడ్లు, అంటే ఉన్ని కత్తిరించే షెడ్లు, రోజూ చూస్తుంటా, కొన్ని ఇప్పటికీ నడుస్తున్నాయి. షెడ్డు అంటే ఎప్పుడూ పూర్తవని వస్తువు. గాలికి రేకు లేస్తే ఇంకో రేకు కొడతాం. పలక పుచ్చితే పక్క షెడ్డు పడిపోయినప్పుడు మిగిలిన పలక తెచ్చి బిగిస్తాం. కత్తిరించేవాళ్ళు గోడల మీద పేర్లు రాసుకుంటారు, ఉన్ని బేళ్ళ మీద ముద్ర వేసే స్టెన్సిల్‌ని ముందు గోడ మీదే గీకి చూస్తారు. 1978 అనో 1999 అనో ఒక తేదీ దగ్గర ఆపేస్తే ఆ షెడ్డు చచ్చినట్టే లెక్క. రంగులేసి కొత్తగా చేసేవాడూ అబద్ధమే చెబుతాడు, అలాగే ఆపేసేవాడూ అబద్ధమే చెబుతాడు. రెండోవాడి అబద్ధం కాస్త అందంగా ఉంటుంది, అంతే.

ఒక నడిచే షెడ్డు లోపలికి వెళ్ళి చూడండి. నేలంతా సన్న చెక్క బద్దీలు, మధ్యలో వేలు దూరేంత సందు, గొర్రెల పెంట కిందికి రాలిపోవడానికి. గొర్రెలు రాసుకుంటూ పోయే కమ్మీలు, గేట్లు చూస్తే నల్లగా, నున్నగా, అద్దంలా మెరుస్తుంటాయి. ఎవరూ పాలిష్ పెట్టింది కాదు. ఉన్నిలో ఉండే జిడ్డు ఏళ్ళ తరబడి పట్టి చెక్కకి ఆ నునుపు వచ్చింది. చెయ్యి పెడితే ఇప్పటికీ జిడ్డుగానే ఉంటుంది, వాసన వస్తుంది. గొర్రెలు రావడం మానేస్తే ఆ మెరుపు ఎండిపోయి దుమ్ము పడుతుంది. దాన్ని ఏ మ్యూజియం నిలబెడుతుంది?

తేజ_లాన్సెస్టన్ | శనివారం మధ్యాహ్నం 1:17

రైతుబిడ్డ రాజు అన్న చెప్పిన "నడిచే షెడ్డు" కావాలంటే మా టాస్మానియా రండి. లాంగ్‌ఫర్డ్ దగ్గర బ్రికెండన్, వూల్‌మర్స్ అని పక్కపక్కనే రెండు ఎస్టేట్లు. ఆర్చర్ అన్నదమ్ములవి. థామస్ వూల్‌మర్స్ 1817 ప్రాంతంలో మొదలుపెట్టాడు, విలియం బ్రికెండన్ 1824లో. ఆస్ట్రేలియా ఖైదీల కాలపు స్థలాలు 11 కలిపి 2010లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి కదా, ఈ రెండూ అందులో ఒకటిగా లెక్క.

బ్రికెండన్‌లో ఇప్పటికీ అదే కుటుంబం వ్యవసాయం చేస్తోంది. చెక్క బార్న్‌లు, కమ్మరి కొట్టం, వంటిల్లు, మాంసం పొగబెట్టే గది, చిన్న ప్రార్థనా మందిరం, అన్నీ ఒక ఊరిలాగా ఉంటాయి. నాకు బాగా నచ్చింది స్తంభాల మీద నిలబెట్టిన ధాన్యం కొట్టు. నేలకి తగలకుండా ఎత్తులో ఉంటుంది, ఎలుక ఎక్కలేదు, చెమ్మ పట్టదు. మా తాతగారి గాదె కూడా రాళ్ళ మీదే ఉండేది, దాని కిందే మేం దాగుడుమూతలు ఆడేవాళ్ళం. నెల్లూరు జిల్లా రైతుకీ ఇంగ్లండ్ నుంచి వచ్చిన రైతుకీ ఎలుక ఒకే పాఠం నేర్పిందన్నమాట.

వూల్‌మర్స్ కథ వేరు. ఆరు తరాలూ యజమాని పేరు థామస్ ఆర్చరే. ఆరో ఆయన వారసులు లేకుండా 1994లో పోయాడు, ఆస్తి ట్రస్టుకి రాసిచ్చాడు. అక్కడ ఇల్లు, సామాను, యాపిల్ సైడర్ చేసే కొట్టు, అన్నీ అలాగే ఆగిపోయి ఉంటాయి. అంటే డంగు_సున్నం గారి పద్ధతి ఒక ఒడ్డున, రాజు అన్న పద్ధతి ఇంకో ఒడ్డున. మధ్యలో ఒక నది.

డంగు_సున్నం | శనివారం మధ్యాహ్నం 2:50

తేజా, ఉదాహరణ అదిరింది. రాజు గారి మాట కొట్టిపారేసేది కాదు. పాత కట్టడాల పనిలో మేం పాటించే నియమావళి బర్రా చార్టర్ (1979లో సౌత్ ఆస్ట్రేలియాలో బర్రా అనే పాత రాగి గనుల ఊళ్ళో ఒప్పుకున్నది) కూడా వాడుకలో ఉండటాన్నే విలువగా చూస్తుంది. గొర్రెలు ఉన్న షెడ్డులో గొర్రెలే ఉండటం అన్నిటికన్నా మంచిది. అందులో ఇంకో మాట కూడా ఉంది. ఎంత అవసరమో అంత చెయ్యి, మిగతాది వీలైనంత తక్కువ చెయ్యి.

కానీ రౌజ్ హిల్‌లో గొర్రెల్ని ఎక్కడ తోలుతారు? చుట్టూ ఇళ్ళే. 2019లో మెట్రో వచ్చాక టల్లవాంగ్ స్టేషన్ దాకా ఖాళీ జాగా లేదు. పొలం పోయింది, షెడ్డు మిగిలింది. పొలం లేని షెడ్డుని నడిపిస్తున్నట్టు నటించడం కన్నా, ఆగిపోయిందని ఒప్పుకోవడమే నిజాయితీ అని నా అభిప్రాయం.

రైతుబిడ్డ_డబ్బో | శనివారం మధ్యాహ్నం 3:04

పొలం అమ్మి ఇళ్ళు కట్టి, మిగిలిన షెడ్డు ముందు నిలబడి "ఆహా హెరిటేజ్" అనుకోవడం. సరే, ఒప్పుకున్నా 🙂

గోదారి_కుర్రోడు | శనివారం మధ్యాహ్నం 3:11

ఆ ఇళ్ళు కొన్నది మనమే కదా రాజన్నా, EMI కూడా మనమే కడుతున్నాం.

వేణు_హన్మకొండ | శనివారం సాయంత్రం 6:22

అందరూ కప్పు, పలక, ఉన్ని జిడ్డు అంటున్నరు గని, కట్టినోళ్ళ గురించి ఒక్క ముక్కలో "ఖైదీలు" అని దాటేసిన్రు. మా దిక్కు దొరల గడీలు చూసినోళ్ళకు ఇది కొత్త కాదు. ఎత్తు గోడ, పెద్ద దర్వాజ, లోపల దివాణం, వెనక కొట్టాలు, గుర్రపుసాల. కట్టింది వెట్టి కింద ఊరి జనం. విసునూరు దేశ్‌ముఖ్ మీద తిరగబడ్డ కడివెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమురయ్య ప్రాణం పోయింది. ఇయ్యాల ఆ గడీలు కూలిపోతుంటే "అయ్యో, ఎంత మంచి చెక్కడం" అని ఫొటోలు పెడుతున్నరు. రౌజ్ హిల్‌ల గైడ్ ఖైదీల పేర్లు చెప్తదా, గుర్రాల పేర్లు చెప్తదా?

లక్ష్మి_కెల్లీవిల్ | శనివారం సాయంత్రం 6:48

వేణు గారూ, మంచి ప్రశ్న. ఖైదీలు కట్టారని చెప్పారు, బడి పిల్లలకి కూడా చెబుతున్నారు. కానీ నాకు గుర్తున్నవి గుర్రాల కబుర్లే, అది మాత్రం నిజం.

డంగు_సున్నం | శనివారం రాత్రి 10:30

వేణు గారూ, అడగాల్సిందే అడిగారు. ఆ గుట్ట చరిత్ర ఇల్లు కట్టకముందే నెత్తుటితో మొదలైంది. 1804 మార్చిలో కాజిల్ హిల్ ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రంలో పనిచేస్తున్న ఐరిష్ ఖైదీలు తిరగబడ్డారు. రెండు వందల మందికి పైనే. నాయకుడు ఫిలిప్ కనింగ్‌హామ్, రాతి పనివాళ్ళ మీద మేస్త్రీగా ఉన్నవాడు. మార్చి 5న మేజర్ జాన్‌స్టన్ సైనికులు వాళ్ళని వెంటాడి అందుకుని కాల్పులు జరిపారు. ఆ పోరు జరిగింది ఈ రౌజ్ హిల్ దగ్గరే అని చరిత్రకారులు అంటారు. కనింగ్‌హామ్‌ని విచారణ లేకుండానే ఉరి తీశారు. తొమ్మిదేళ్ళ తర్వాత ఆ దగ్గర్లోనే వేరే ఖైదీలు రౌజ్‌కి రాళ్ళు మోశారు.

వెట్టికీ దీనికీ ఒక తేడా ఉంది, దాన్ని కూడా చూడాలి. ఖైదీకి శిక్షకాలం ఉంటుంది, అది తీరాక విడుదల, ఆ తర్వాత కొందరికి భూమి కూడా దక్కింది. పారమట్టాలో జేమ్స్ రూస్ ఖైదీగా వచ్చినవాడే, కాలనీలో మొదటి భూమి పట్టా 1792లో అతనికే ఇచ్చారు, 30 ఎకరాలు. వెట్టి అలా కాదు, అది కులంతో, పుట్టుకతో వచ్చేది, తీరేది కాదు.

ఇంకో సంగతి గోడల్లోనే ఉంది. సిడ్నీలో తొలి రోజుల్లో సున్నపురాయి దొరకలేదు. ఆల్చిప్పలు కాల్చి సున్నం చేసుకున్నారు. ఆ చిప్పలు ఎక్కడివి? నది ఒడ్డున ఆదివాసులు వేల ఏళ్ళుగా తిని పోగుచేసిన గుట్టలు. వాటిని తవ్వి, కాల్చి, తొలి గోడలకి గచ్చు కలిపారు. ఒకరి చరిత్రని పొయ్యిలో వేసి ఇంకొకరి ఇల్లు కట్టడం అంటే అక్షరాలా అదే. ఈ ప్రాంతం దరుగ్ అనే ఆదివాసులది. రౌజ్‌కి 450 ఎకరాల పట్టా అందిన 1816లోనే, ఏప్రిల్‌లో, ఆపిన్ దగ్గర గవర్నర్ పంపిన సైనికులు కనీసం 14 మంది ఆదివాసుల్ని చంపారు. ఆడవాళ్ళు, పిల్లలు కూడా.

నిర్వాహకుడు | శనివారం రాత్రి 10:52

రెండు పోస్టులు తీసేశాను. గడీల రాజకీయాలు, పార్టీల పేర్లు ఇక్కడ వద్దు. చరిత్ర మాట్లాడుకోండి, ఇబ్బంది లేదు.

కోరంగి_మనవడు | ఆదివారం ఉదయం 8:15

నమస్కారం. నేను మారిషస్ నుంచి. మా ఇంట్లో తెలుగు నాయనమ్మతోనే ఆగిపోయింది, నేను బళ్ళో, తర్వాత మోకా అనే ఊళ్ళో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

వేణు గారి ప్రశ్న చదివి రాయాలనిపించింది. మోకాలోనే యురేకా అనే పాత ఇల్లు ఉంది, 1830ల నాటి చెక్క ఇల్లు. నూట తొమ్మిది తలుపులని చెప్పి చూపిస్తారు. వంటిల్లు ఇంటికి దూరంగా, రాతితో, విడిగా ఉంటుంది, నిప్పు భయానికి. వచ్చినవాళ్ళందరూ వరండాలో కూర్చుని ఫొటోలు తీసుకుంటారు. నేనైతే ఆ వంటింట్లోనే ఎక్కువసేపు ఉంటాను.

మా పూర్వులు చెరకు తోటల్లో కూలీలుగా వచ్చారు. కాకినాడ దగ్గర కోరంగి రేవు నుంచి ఓడలెక్కారు కాబట్టి తెలుగువాళ్ళని ఇక్కడ కోరంగులు అనే పిలిచారు. వాళ్ళు ఉన్న గుడిసెల వరసని "క్యాంపు" అంటారు. దొర ఇల్లు రాతి పునాది మీద నిలిచింది. క్యాంపు మట్టి, గడ్డి. ఒక తుఫాను చాలు. ఇప్పుడు చెరకు మధ్యలో పాత మిల్లుల రాతి పొగగొట్టాలు ఒంటరిగా నిలబడి ఉంటాయి, కొన్నిటిని ప్రభుత్వం రక్షిత కట్టడాలుగా ప్రకటించింది. మావాళ్ళ గోడ ఒక్కటీ లేదు. కానీ వాళ్ళ కాగితాలున్నాయి. ఓడ దిగినవాళ్ళ నంబర్లు, ఊళ్ళు, తర్వాతి వాళ్ళకి ఫొటోలతో సహా, అవన్నీ మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. చాలామంది తమ తాతల ఊరు అక్కడే వెతుక్కున్నారు. కట్టడం మిగలనప్పుడు రిజిస్టరే వారసత్వం.

శ్రీను_స్కోఫీల్డ్స్ | ఆదివారం ఉదయం 8:40

అన్నా, మీ తెలుగులో ఒక్క తప్పు లేదు. మాలో సగం మంది కన్నా బాగుంది.

వేణు_హన్మకొండ | ఆదివారం ఉదయం 9:02

మనవడు గారూ, దండం. నేనడిగింది ఇదే.

పారమట్టా_పద్మ | ఆదివారం ఉదయం 11:20

శ్రీను తమ్ముడూ, పెద్దవాళ్ళతో వెళ్తున్నావు కాబట్టి ఒక సలహా. రౌజ్ హిల్‌తో పాటు పారమట్టాలో ఎలిజబెత్ ఫార్మ్ కూడా పెట్టుకో, అదీ పాత ఇల్లే, ఇప్పుడు మ్యూజియం. అక్కడ పద్ధతి పూర్తిగా ఉల్టా. సామాను అంతా నకలు, కాబట్టి కుర్చీలో కూర్చోవచ్చు, సొరుగులు తెరవొచ్చు, ఎవరూ ఏమీ అనరు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఎక్కడైనా కూలబడొచ్చు, అది చాలా పెద్ద సదుపాయం. ఒకే ఊళ్ళో ఒకచోట అంతా అసలు, ముట్టుకోకూడదు. ఇంకోచోట అంతా నకలు, పడుకున్నా పర్లేదు.

జాన్, ఎలిజబెత్ మెకార్థర్ దంపతులు 1793లో కట్టుకున్న ఇల్లు అది, ఈ దేశంలో మిగిలిన యూరోపియన్ ఇళ్ళల్లో అన్నిటికన్నా పాతది. ఆయన గవర్నర్లతో గొడవలు పడి 1809 నుంచి 1817 దాకా ఇంగ్లండ్‌లోనే ఉండిపోతే, ఇక్కడ గొర్రెలూ, ఖైదీ కూలీలూ, లెక్కలూ అన్నీ ఆవిడే నడిపింది. మెరినో అనే మేలురకం గొర్రెల ఉన్ని పేరు మాత్రం ఆయనకే వచ్చింది. ఆడవాళ్ళకి ఇది కొత్తేం కాదులే.

మీ నాన్నగారికి చెప్పు, మెకార్థర్ మొదటి గొర్రెలు మెరినోలు కావు. 1794లో కలకత్తా నుంచి వచ్చిన 60 బెంగాల్ గొర్రెల్ని, పిల్లల్ని కొన్నాడు. వాటికి మన నెల్లూరు గొర్రెకున్నట్టే వెంట్రుక, ఉన్ని కాదు. ఒక ఐరిష్ పొట్టేలుతో దాటిస్తే పుట్టిన పిల్లలకి వెంట్రుకా, ఉన్నీ కలిసి వచ్చింది. దాంతో ఆశ పుట్టింది. మెరినోలు దక్షిణాఫ్రికాలోని కేప్ నుంచి వచ్చింది 1797లో.

అక్కడి నుంచి నడిచి వెళ్ళే దూరంలోనే హ్యారిస్ పార్క్. మనం బిర్యానీకి వెళ్ళే ఆ వీధుల వెనకే, రూస్ స్ట్రీట్‌లో ఎక్స్‌పెరిమెంట్ ఫార్మ్ కాటేజ్ ఉంది. డంగు_సున్నం గారు చెప్పిన ఖైదీ రైతు జేమ్స్ రూస్ పొలం అదే. ఆ తర్వాత దాన్ని డాక్టర్ జాన్ హ్యారిస్ కొన్నాడు, ఇల్లు ఆయన కట్టించిందే. పేట పేరు కూడా ఆయనదే. ఎన్నిసార్లు దాని పక్కన కారు పెట్టి దోసె తిని వచ్చామో!

గోదారి_కుర్రోడు | ఆదివారం ఉదయం 11:31

పద్మక్కా, ఇప్పటిదాకా ఈ థ్రెడ్‌లో నాకు బాగా అర్థమైన పోస్ట్ ఇదే. దోసె ఎక్కడ?

శ్రీను_స్కోఫీల్డ్స్ | ఆదివారం రాత్రి 8:05

పొద్దున ఈ థ్రెడ్ అంతా నాన్నకి ఫోన్లో చదివి వినిపించాను. ఎలుకల కొట్టు దగ్గర నవ్వారు. సున్నం దగ్గరకి వచ్చేసరికి ఆగమన్నారు. మా తాతగారి మండువా లోగిలి ఇంకా ఉంది, ఉమ్మడి ఆస్తి. పశువుల పాక పడిపోయింది. ఇటుక గోడలు నిలిచాయి, కానీ కింద మూడడుగుల దాకా చెమ్మ, పెచ్చులు రాలుతున్నాయి. పదేళ్ళ కిందట సిమెంటు పూత పూయించారు, ఆ తర్వాతే ఇంకా పాడైందని నాన్న అనుమానం. మేస్త్రీ మాత్రం మళ్ళీ సిమెంటే, ఈసారి వాటర్‌ప్రూఫ్ కలిపి వేద్దాం అంటున్నాడట. ఏం చెయ్యమంటారు?

డంగు_సున్నం | ఆదివారం రాత్రి 9:37

ముందు నాన్నగారికి చెప్పండి, మేస్త్రీకి అడ్వాన్సు ఇవ్వొద్దని. ఆయన అనుమానం నిజం. పాత ఇటుక, డంగు సున్నం రెండూ మెత్తన, రెండూ ఊపిరి పీల్చుకుంటాయి. నేలలోంచి ఎక్కిన చెమ్మ సున్నం సందుల్లోంచి బయటికి పోతుంది. పైన సిమెంటు పూస్తే దారి మూసుకుపోతుంది. చెమ్మ పైకి ఎక్కుతుంది, లేదా ఇటుకలోంచే దారి చేసుకుంటుంది. దాంతో పాటు వచ్చిన ఉప్పు ఇటుక లోపలే గడ్డకట్టి ముఖాన్ని పెచ్చులుగా ఊడగొడుతుంది. వాటర్‌ప్రూఫ్ కలిపితే మరీ ఘోరం. ఇక్కడ ఇసుకరాతి గోడలకి గత శతాబ్దంలో సిమెంటు పెట్టినచోటల్లా ఇదే తంతు, సందులో సిమెంటు గట్టిగా నిలబడి ఉంటుంది, పక్కన రాయి తినేసి గుంట పడి ఉంటుంది.

వరస ఇది. మొదట నీళ్ళ సంగతి. చూరు పెంకులు సరిచేయించండి, గోడ చుట్టూ మట్టి ఎత్తు పెరిగి ఉంటే తవ్వించి నీరు బయటికి పోయేలా వాలు ఇవ్వండి. మన ఊళ్ళల్లో రోడ్డు ఎత్తు పెంచుకుంటూ పోయి ఇల్లు గుంటలో పడుతుంది, సగం చెమ్మకి అదే కారణం. తర్వాత సిమెంటు పూతని ఉలి, సుత్తితో చేత్తో తీయించాలి, గ్రైండర్ పెట్టనివ్వకండి, ఇటుక అంచులు పోతాయి. గోడని ఒక ఎండాకాలం ఆరనివ్వండి. ఉప్పు తెల్లగా పొంగితే పొడి బ్రష్‌తో దులపాలి, నీళ్ళతో కడగకూడదు. అప్పుడు నానబెట్టిన సున్నం ఒక వంతు, ఇసుక మూడు వంతులు. బస్తాలో వచ్చే పొడి సున్నం కాదు, గుంటలో వారాల తరబడి నానినది. పాతకాలంలో కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపేవాళ్ళు, తెలిసిన మేస్త్రీ దొరికితే కలపనివ్వండి. పూశాక తడి గోనెపట్టాలు కట్టి నెమ్మదిగా ఆరనివ్వాలి. తొందర పడితే పగుళ్ళు.

రైతుబిడ్డ_డబ్బో | ఆదివారం రాత్రి 10:01

శ్రీనూ, పడిపోయిన పశువుల పాక మళ్ళీ వేయించండి. పశువులు లేకపోయినా సరే, కట్టెలు పెట్టుకోవడానికైనా, ట్రాక్టర్ పెట్టుకోవడానికైనా. మనుషులు రోజూ తిరిగే చోట కప్పు కారితే ఆ రోజే తెలుస్తుంది. తాళం వేసిన చోట గోడ పడ్డాకే తెలుస్తుంది.

డంగు_సున్నం | ఆదివారం రాత్రి 10:09

ఇక్కడ మాత్రం రాజు గారితో నూటికి నూరు పాళ్ళు ఏకీభవిస్తాను. కొత్త కలప వాడితే పాత దానిలా కనబడేలా రంగు పూయకండి, కొత్తది కొత్తగానే కనబడనివ్వండి.

శ్రీను_స్కోఫీల్డ్స్ | సోమవారం ఉదయం 6:50

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. మేస్త్రీని ఆపేశారు నాన్న. తణుకు, తాడేపల్లిగూడెం, రాజమండ్రి వైపు గుంట సున్నంతో పని చేసే మేస్త్రీ ఎవరికైనా తెలిస్తే నాకు ప్రైవేట్ మెసేజ్ పెట్టండి. పాత గుళ్ళకి పని చేసినవాళ్ళైతే ఇంకా మంచిది.

లక్ష్మి_కెల్లీవిల్ | సోమవారం ఉదయం 9:15

శ్రీను గారూ, అమ్మానాన్న వచ్చాక రౌజ్ హిల్ వెళ్తే మేమూ వస్తాం, మా మామగారు కూడా ఊరి నుంచి వచ్చి ఉంటారు. అన్ని రోజులూ తెరిచి ఉండదు, ఇంటి లోపలికి టూర్ టైమింగ్స్ ముందే చూసి బుక్ చేసుకోండి. గడ్డిలో నడవాలి, పెద్దవాళ్ళకి బూట్లు తప్పనిసరి, ఎండాకాలమైతే పాముల సంగతి కూడా చూసుకోవాలి. పులిహోర నేను తెస్తాను. వేణు గారు అడిగిన ప్రశ్న గైడ్‌ని నేనే అడుగుతాను, ఏం చెప్పిందో ఇక్కడే రాస్తాను.